నా వైపు బ్రేకు

మే 14

అక్కకు,

పెద్దవాళ్ళు ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాసేవారు. మా ఇంట్లో ప్రస్తుతం కుశలంగా ఉన్నది ఒక్కరే, నీ మేనకోడలు. పొద్దున పదకొండు దాటింది, ఇంకా లేవలేదు. నేను ఇద్దరికి డ్రైవింగ్ క్లాసు చెప్పి, స్కూలు కారు కడిగి, ఇంటికొచ్చి టీ పెట్టుకుని నీకు ఉత్తరం మొదలుపెట్టాను. లోపలి నుంచి గురక కూడా వినబడడం లేదు. గురక పెట్టడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా.

కాలేజీ సెలవులిచ్చి అది ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. వచ్చిన రోజు తలుపు పక్కన పెట్టిన పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది. మేం దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నాం. మధ్యాహ్నానికి లేస్తుంది, కప్పు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది, కప్పు అక్కడే వదిలేసి మళ్ళీ మంచమెక్కుతుంది. నిన్న చూస్తే కిటికీ గూట్లో అయిదు కప్పులున్నాయి. మా ఇంట్లో ఉన్నవే ఆరు. రెండో ఏడాది మార్కులు వచ్చాయా అని అడిగితే "వస్తాయి" అంటుంది. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడమంటే ఏమిటో ఈ వేసవిలోనే తెలిసింది.

నీ మరదలు పొద్దున్నే బేకరీ పనికి వెళ్ళిపోతుంది. "పోనీలెండి, ఏడాదంతా చదివింది, పడుకోనివ్వండి" అంటుంది. చదివితే కదా అలిసిపోవడానికి.

నాకు అసలు కష్టం మెట్ల దగ్గర వస్తోంది. కింది వాటాలో బ్యాంకు ఆవిడ ఉంది కదా, వాళ్ళబ్బాయి సెలవుల్లో ఏదో ఆఫీసులో శిక్షణకు వెళ్తున్నాడట. మెడలో కార్డు వేసుకుని మరీ దిగుతాడు. "మీ అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని ఆవిడ అడిగింది. ఇంట్లో కూర్చుని ప్రాజెక్టు చేస్తోందని చెప్పాను. ఏం ప్రాజెక్టు అని అడక్కముందే రెండు మెట్లు ఒక్కసారి ఎక్కేశాను. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ స్టీరింగు పట్టుకోవడం నేర్పినవాణ్ణి, సొంత కూతురి గురించి నిజం చెప్పుకోలేక మెట్ల మీద పరిగెత్తాను.

ఆ కోపంలోనే లోపలికెళ్ళి, "నీకు సిగ్గనేది ఉందా?" అన్నాను. "ఉంది నాన్నా" అని గోడవైపు తిరిగింది. చూశావా, సమాధానాలకు మాత్రం తక్కువ లేదు.

ఏం చెయ్యాలో నువ్వే చెప్పాలి. నీకు ఫోనులో వినబడదు కాబట్టి ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సొస్తోంది. వినబడుతుంటే ఇంతకంటే ఎక్కువే వాగేవాణ్ణి.

నీ తమ్ముడు


మే 23

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. కొట్లో కూర్చుని చదివి గట్టిగా నవ్వితే, కొలతలిస్తున్న ఆవిడ తన నడుము చూసి నవ్వాననుకుని చిన్నబుచ్చుకుంది. ఆవిడకు సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ముప్పయ్యేళ్ళుగా ఈ కొట్లో ఊళ్ళోవాళ్ళ బట్టలు బిగిస్తున్నాను, వదులు చేస్తున్నాను. ఒళ్ళు పెరిగినవాళ్ళు ఒక్కరైనా ఒళ్ళు పెరిగిందని చెప్పరు. "ఉతికితే బట్ట కుదించుకుపోయిందండీ" అంటారు. నేను తలూపి కుట్లు విప్పుతాను. నీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది. పిల్ల పడుకుందని బాధా, కింది వాటావాళ్ళు చూస్తున్నారని బాధా? కాస్త విడదీసి చూసుకో.

డిగ్రీ తప్పిన ఏడాది నువ్వేం చేశావో గుర్తుందా? ముందుగదిలో కూర్చుని పేకముక్కలతో మేడలు కట్టేవాడివి. ఎవరైనా తలుపు తీస్తే గాలికి పడిపోతాయని ఇంట్లోవాళ్ళందరినీ పెరటి దారిన రమ్మనేవాడివి. నాన్న ఒక్క మాట అనలేదు. ఆర్నెల్లకు నీ అంతట నువ్వే లేచి లారీ షెడ్డుకు వెళ్ళావు. మన గడుగ్గాయి కూడా లేస్తుంది. చిన్నప్పుడు ఒక్క క్షణం కుదురుగా కూర్చోని పిల్ల అది, ఇలా పడుకుందంటే ఏదో ఉంటుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఊరందరికీ కారు నేర్పుతావు, దానికి నేర్పావా? పొద్దున్నే తీసుకెళ్ళు. కాకపోతే నాకు నేర్పినట్టు నేర్పకు. ఆ పది రోజులూ కారు నేను నడిపానా, నువ్వు నడిపావా? నీ కాలు ఎప్పుడూ నీ వైపు బ్రేకు మీదే ఉండేది. నువ్వు తొక్కినప్పుడల్లా నా కాలి కిందిది కూడా దానంతటదే దిగిపోయేది. దయ్యం పట్టిన కారనుకుని పదకొండో రోజు మానేశాను.

కప్పులు కడిగించు. మరదలిని అడిగానని చెప్పు.

అక్క


జూన్ 4

అక్కా,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. ఈ వారం రోజులుగా మా ఇంట్లో ఏం జరుగుతోందో నీకు చెబితే నమ్మవు.

మొదటి రోజు దాన్ని లేపడానికి దుప్పటి లాగాల్సి వచ్చింది. మొహం కడుక్కోకుండానే కారెక్కింది. రెండో రోజు పిలిస్తే లేచింది. నాలుగో రోజు నేను లేచేసరికి చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది, కారు తాళాలు చేతిలో పట్టుకుని. పెట్టె కూడా లోపల పెట్టేసింది అక్కా. ఎప్పుడు పెట్టిందో చూడలేదు, నడుస్తుంటే కాలికి తగలకపోయేసరికి తెలిసింది.

గోదాముల వెనక రోడ్డుకు తీసుకెళ్తున్నాను. పొద్దున ఆరింటికి అక్కడ పనికి పోయేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. మొదటి క్లాసులో అందరికీ చెప్పేదే దానికీ చెప్పాను. నా వైపు కూడా ఒక బ్రేకు ఉంది, దాన్ని నేను ఊరికే తొక్కను, తొక్కానంటే నీకు కనబడనిదేదో నాకు కనబడిందని అర్థం, అప్పుడు నన్ను తిట్టుకోకుండా రోడ్డు చూసుకో అని. బుద్ధిగా విని తలూపింది. ఇంతవరకు తొక్కే అవసరం రాలేదు. నువ్వు దెప్పావని కాదు గానీ, కాళ్ళు రెండూ సీటు కిందికి మడుచుకుని కూర్చుంటున్నాను.

దాని చేతిలో ఏదో ఉంది. క్లచ్ వదిలేటప్పుడు కారు ఒక్కసారి కూడా ఎగరలేదు. మలుపు రాకముందే వేగం తగ్గిస్తుంది. ఇది నేర్పితే వచ్చేది కాదు. ఈ మాట దానితో అనలేదు, నెత్తికెక్కుతుందని.

ఇంకో సంగతి. కారులో ఇద్దరూ ముందుకే చూస్తారు కదా, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. అందుకేనేమో, మొన్న గోదాముల చివర మలుపు తిప్పుతూ, "నాన్నా, మూడు పేపర్లు పోయాయి" అంది. ఇంట్లో అయితే కప్పులు పగిలేవి. అక్కడ స్టీరింగు దాని చేతిలో ఉంది, నేనేం చెయ్యగలను? "గేరు మార్చు" అన్నాను. మార్చింది. ఇంకేదో చెప్పబోయి ఆగింది. నేనూ తొందరపెట్టలేదు. మూడు పేపర్లు మళ్ళీ రాసుకోవచ్చు, అదేమంత కొంప మునిగే విషయం కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

బ్యాంకు ఆవిడ నిన్న మమ్మల్నిద్దరినీ కారు దిగుతుండగా చూసింది. నేను నిలబడి మరీ నమస్కారం పెట్టాను.

నీ తమ్ముడు


జూన్ 13

అక్కా,

నాలుగు మాటలు రాసి ముగిస్తాను. చిన్న ప్రమాదం జరిగింది. మా ఇద్దరికీ ఏమీ కాలేదు.

నిన్న పొద్దున అదే గోదాముల రోడ్డులో అమ్మాయి కారు నడుపుతూ ఉన్నట్టుండి బ్రేకు వేసింది. వెనక స్కూటరు మీద వస్తున్నాయన ఆపుకోలేక మా కారును గుద్దాడు. గోడలకు రంగులు వేసే ఆయన. కాళ్ళ దగ్గర పెట్టుకున్న రంగు డబ్బా ఎగిరి పగిలి, మా కారు వెనక భాగమంతా, రోడ్డంతా లేత ఆకుపచ్చ అయిపోయింది. ఆయనకు కుడి భుజం ఎముక విరిగింది. రెండు నెలలు చెయ్యి ఎత్తకూడదన్నారు.

మా స్కూలు ఓనరు వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు, కానీ ప్రమాదం జరిగితే రిజిస్టరులో రాయాలి, కారు ఎవరి చేతిలో ఉంది, బ్రేకు ఎవరు వేశారు అన్నీ రాసి సంతకాలు తీసుకోవాలి. నేర్చుకునే మనిషి పొరపాటైతే స్కూలుకు పెద్ద ఇబ్బంది ఉండదు, కొత్తవాళ్ళ చేతిలో ఇలాంటివి మామూలే అని వదిలేస్తారు. నేర్పేవాడి పొరపాటైతే అతని పర్మిటు ఆపేస్తారు. అమ్మాయి సంతకం పెట్టింది.

దాన్ని నేనేమీ అనలేదు. ఇవాళ పొద్దున తాళాలు తీసుకుని పిలిస్తే, రానని మళ్ళీ దుప్పటి కప్పుకుంది.

పిల్లదానికి కారు నేర్పడం అయిపోయిందనుకో. ఈ సంగతి ఇంక తవ్వకు.

తమ్ముడు


జూన్ 14

బంగారం లాంటి తమ్ముడికి,

నాలుగో తేదీ ఉత్తరం ఇవాళే అందింది. పెట్టె లోపల పెట్టిందా! నా కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. మా మేనకోడలు కారు నడుపుతోంది, వాళ్ళ నాన్న కాళ్ళు మడుచుకుని కూర్చుంటున్నాడు అని. ఒకావిడకు చెబుతూ చెబుతూ చొక్కా చేతులు రెండంగుళాలు ఎక్కువ కత్తిరించాను. దాన్ని ఇప్పుడు పొట్టి చేతుల చొక్కా చేసి, ఇదే కొత్త పద్ధతని చెప్పి పంపాలి.

మూడు పేపర్ల గురించి నువ్వు కోప్పడకపోవడం నీ జన్మలో చేసిన మంచి పనుల్లో ఒకటి. మిగతావి ఏమిటని అడక్కు. ఇంకేదో చెప్పబోయి ఆగిందన్నావు కదా, అదేదో త్వరలో చెబుతుంది. చెప్పినప్పుడు కూడా ఇలాగే ఉండు.

నాకు చెవులు లేవు కాబట్టి చెబుతున్నాను, వినబడేవాళ్ళు వినాలి.

మీ ముగ్గురికీ దీవెనలు.

అక్క


జూన్ 22

ఒరే,

నా సంతోషం నీ దగ్గరికి వెళ్ళేలోపు నీ దుర్వార్త నా దగ్గరికి వచ్చింది. రెండు ఉత్తరాలూ దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి.

తవ్వొద్దన్నావు. తవ్వకుండా ఎలా ఉంటాను? చెయ్యెత్తి పనిచేసుకునే మనిషికి భుజం విరిగింది. నాకు ఈ వేలికి సూది గట్టిగా గుచ్చుకుంటేనే రెండు రోజులు కొట్టు మూసుకోవాలి. ఆయనింట్లో ఎవరున్నారు, ఎలా గడుస్తోంది, నువ్వు వెళ్ళి చూశావా, ఒక్క ముక్క రాయలేదు.

నువ్వు గట్టిగా అనలేవని నాకు తెలుసు. అందుకే నేనే అన్నాను. పిల్లకు వేరే ఉత్తరం రాసి ఈ టపాలోనే వేస్తున్నాను. మెత్తగా రాయలేదు. నెల రోజులు పగలంతా పడుకుని, నిద్రమత్తులో కారెక్కితే జరిగేది అదే అని రాశాను. చదువు మీద ధ్యాస లేదు సరే, నీ చేతిలో ఇంకొకళ్ళ ప్రాణం ఉన్నప్పుడైనా ధ్యాస ఉండొద్దా అని అడిగాను. ఒక మనిషి రెక్క విరగ్గొట్టి మళ్ళీ వెళ్ళి దుప్పట్లో దూరడానికి మనసెలా ఒప్పింది అని కూడా రాశాను. ఈ మాట ఎక్కువేమోనని ఒకసారి కొట్టేసి, మళ్ళీ రాశాను.

మేనత్తను కాబట్టి నాకు ఆ హక్కుంది. ఏడిస్తే ఏడవనీ. మొక్కై వంగనిది మానై వంగదు.

అక్క


జూలై 2

అక్కా,

ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. చదివాక చించెయ్యి.

నీ ఉత్తరం అది వంటగది బల్ల దగ్గర కూర్చుని నా ఎదురుగానే చదివింది. రెండుసార్లు చదివింది. ఏడవలేదు. మడత ఎలా ఉందో అలాగే పెట్టి కవర్లో దూర్చి, "అత్త అడ్రసు అదే కదా" అని అడిగింది. ఆ మొహం చూశాక నేను ఇంక ఆపుకోలేకపోతున్నాను.

బ్రేకు వేసింది నేను.

రోడ్డు మీద ఏమీ లేదక్కా. కుక్క లేదు, మనిషి లేడు, గొయ్యి లేదు. పిల్ల చక్కగా నడుపుతోంది. నడుపుతూనే, "నాన్నా, నేను మార్చి నుంచి క్లాసులకే వెళ్ళలేదు, ఆ కాలేజీకి మళ్ళీ వెళ్ళలేను" అంది. అంతే. నా కాలు ఎప్పుడు ముందుకొచ్చిందో, ఎప్పుడు తొక్కిందో నాకు తెలీదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా కారణం లేకుండా తొక్కనివాణ్ణి, కూతురి మాట వినలేక తొక్కాను. తర్వాత వెనకనుంచి ఆ చప్పుడు.

జనం పోగయ్యారు. ఓనరు వచ్చి, ఏం జరిగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అది, "నేనే చూసుకోలేదండీ" అంది. కంగారులో ఏదో అందనుకున్నాను. కాదు, బ్రేకు నేను వేశానని అనడానికి నాకు ఎంతసేపు పడుతుంది? మూడు మాటలు. అవి రాలేదు. పర్మిటు గుర్తొచ్చింది. బ్యాంకు ఆవిడ మొహం గుర్తొచ్చింది, నీ దగ్గర దాచి ఏం లాభం. రిజిస్టరులో ఏం రాయాలో ఓనరుకు తోచకపోతే, "నేర్చుకునే వ్యక్తి హఠాత్తుగా బ్రేకు వేయడం వల్ల" అని నేనే చెప్పాను. అతను రాశాడు. కింద నా కూతురు సంతకం పెట్టింది. పెన్ను నా జేబులోదే ఇచ్చాను.

అప్పట్నుంచి తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. క్లాసులో ఎవరైనా బ్రేకు మాటెత్తితే ఉలిక్కిపడుతున్నాను. రంగులాయన ఇంటికి రెండుసార్లు వెళ్ళి, వీధి చివరి నుంచే తిరిగొచ్చాను. పిల్ల మాత్రం రోజు విడిచి రోజు వెళ్తోందట, నీ మరదలు చెప్పింది. ఆయనా వాళ్ళమ్మా ఉంటారు. ఇది వెళ్ళి బజారు పనులు చేసిపెడుతోందట. మిగతా సమయమంతా మంచం మీదే.

కాలేజీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆ మాటే వినబడనట్టు నటిస్తున్నాను. నీ మరదలికి కూడా చెప్పలేదు.

ఇంట్లోవాళ్ళకు ఈ నిజం ఎప్పటికీ తెలియకూడదు. నీకొక్కదానికే చెప్పాను. నన్ను తిట్టు, ఎంతైనా తిట్టు, దానికి మాత్రం రాయకు.

తమ్ముడు


జూలై 9

తమ్ముడూ,

తిట్టడానికి కూర్చున్నాను, చెయ్యి రాలేదు. నీకంటే నాకే ఎక్కువ తల కొట్టేసినట్టుంది. నువ్వు ఒక వాక్యం రాయించావు, నేను దాని మీద రెండు పేజీలు రాశాను. రెక్క విరగ్గొట్టి దుప్పట్లో దూరావని రాసిన చెయ్యి ఇదే. ఆ మాట కొట్టేసి మళ్ళీ రాశానని నీకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. రెండు రోజులుగా కొట్టు తియ్యలేదు.

దాని జవాబు మొన్న వచ్చింది. ఒక్క కాగితం. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "అత్తా, నువ్వన్నది నిజమే. నేను చూడాల్సింది చూడలేదు. కాలేజీలోనూ అంతే, అందరికీ కనబడేవి నాకు కనబడవు. ఇంక కారు జోలికి వెళ్ళను. నాన్నను ఏమీ అనకు, ఆయన తప్పేం లేదు."

ఇది చదివి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. వాళ్ళకు తెలియకూడదన్నావు. ఒరే మొద్దూ, దానికి తెలియకపోవడమేమిటి? నీ కారులో రెండు బ్రేకులూ ఒకే కడ్డీకి ఉంటాయని తర్వాత నాకు నువ్వే చెప్పలేదూ? నువ్వు తొక్కితే నా కాలి కిందిది దిగేదని నేనే నీకు గుర్తుచెయ్యలేదూ? పది రోజులు కూర్చున్న చెవిటిదానికే తెలిసింది. ఆ పూట బ్రేకు ఎవరు తొక్కారో దాని అరికాలికి తెలుసు. తెలిసీ నిన్ను కాపాడడానికి సంతకం పెట్టింది. ఇరవయ్యేళ్ళ పిల్ల నీ తప్పు నెత్తినేసుకుని, నీ పర్మిటు కాపాడి, నా తిట్లు కూడా తిని, నాన్నను ఏమీ అనకు అంటోంది. దాన్నా మనం సోమరిదన్నది?

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కావు కాబట్టి కడుక్కో. ముందు పిల్లకు చెప్పు. తర్వాత మరదలికి, ఓనరుకు, ఆ రంగులాయనకు. ఇందులో ఇంకో కవరు పెట్టాను, అది దానికి. నువ్వు నీ నోటితో చెప్పాకే ఇవ్వు. నా క్షమాపణ నీ క్షమాపణకు ముందు వెళ్ళకూడదు.

నీ ఉత్తరం చించలేదు. చించను.

అక్క


జూలై 18

అక్కా,

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. పెద్దది చెప్పడానికి ధైర్యం కూడగట్టుకోవాలి.

ఓనరు దగ్గరికి వెళ్ళి రిజిస్టరులో ఆ వాక్యం కొట్టించాను. పక్కన నా చేత్తో నిజం రాసి సంతకం పెట్టాను. పర్మిటు ఆరు నెలలు ఆపేశారు. అంతవరకు స్కూలు ఆఫీసులో కూర్చుని దరఖాస్తులు నింపుతాను. నేను నేర్పిన పిల్లలే వచ్చి, సార్, మీరు ఇక్కడ కూర్చున్నారేం అని అడుగుతున్నారు. చెబుతున్నాను.

కాలేజీకి ఈ ఏడాది విరామం కోరుతూ అమ్మాయి కాగితం రాసింది, తండ్రి సంతకం దగ్గర నేను పెట్టాను. నీ మరదలికి అంతా చెబితే, నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను.

ముందు పిల్లకు చెప్పమన్నావు. చెప్పలేదక్కా. పరాయివాళ్ళకు చెప్పడం సులువని వాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాను. ఓనరు తర్వాత రంగులాయన ఇంటికి వెళ్ళాను. ఈసారి లోపలిదాకా వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో బ్రష్షు పట్టుకుని పాత కాగితాల మీద గీతలు గీస్తూ అలవాటు చేసుకుంటున్నాడు. నేను చేతులు కట్టుకుని, తప్పు నాదండీ, బ్రేకు వేసింది నేను అన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "తెలుసండీ, మీ అమ్మాయి మొదటిరోజే చెప్పింది. ఎవరో అడ్డం వచ్చారటగా? మా నాన్న చూసి తొక్కకపోతే నా చేతిలో ఒక ప్రాణం పోయేది అని ఆ పిల్ల ఇప్పటికీ వణికిపోతోంది. నా భుజానిదేముందిలెండి."

కత్తివేటుకు నెత్తురుచుక్క లేదంటారే, అలా అయిపోయాను. నువ్వు కూడా పొరబడ్డావక్కా. అది నన్ను కాపాడలేదు. నన్ను నమ్మింది. నేను ఊరికే తొక్కనని నేనే చెప్పాను కదా. కాలి కింద బ్రేకు దిగగానే, నాన్నకు ఎవరో కనబడ్డారు, తనకు కనబడలేదు అనుకుంది. తప్పు తనదేనని నమ్మే ఆ రాత కింద సంతకం పెట్టింది. నెల రోజులుగా ఆ కనబడని మనిషి గురించే ఆలోచిస్తూ ఆ మంచం మీద పడుకుంది. మనమేమో దాన్ని చూసి ఒకసారి సోమరితనమనుకున్నాం, ఒకసారి త్యాగమనుకున్నాం.

రంగులాయనకు అక్కడే నిజం చెప్పాను, ఎవరూ అడ్డం రాలేదని. ఆయన మొహంలోకి చూడలేకపోయాను. ఆయన బ్రష్షు పక్కన పెట్టి, "ముందు ఇంటికి వెళ్ళండి" అన్నాడు.

ఇంటికి వెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. కారులోలాగా పక్కన కాదు, ఎదురుగా. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ రోజు బ్రేకు గురించి అన్నాను. అది వెంటనే అందుకుంది, ఎప్పట్నుంచో నాలుక చివర పెట్టుకున్నట్టు.

"ఎవరు నాన్నా అడ్డం వచ్చింది? ఎంత ఆలోచించినా నాకు గుర్తురావడం లేదు."

"ఎవరూ రాలేదమ్మా. రోడ్డు ఖాళీగా ఉంది. నువ్వు కాలేజీకి వెళ్ళనన్నావు, ఆ మాటకి తొక్కాను."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను. రిజిస్టరు సంగతి చెప్పాను, ఆ వాక్యం నేనే రాయించానని చెప్పాను, దాని మాట ఆ రోజే విని విననట్టు నటించానని చెప్పాను. అన్నీ విన్నదో లేదో తెలీదు. నేను చెప్పడం అయ్యాక, చాలా చిన్న గొంతుతో ఒక్కటే అడిగింది.

"అయితే నేను సరిగ్గానే నడిపానా?"

సరిగ్గానే నడిపావమ్మా అన్నాను. మళ్ళీ అడిగింది, అదే మాట, అదే గొంతుతో. మళ్ళీ చెప్పాను. అప్పుడు ఏడ్చింది అక్కా. నేనిచ్చిన నీ కవరు ఒళ్ళో పెట్టుకుని, విప్పకుండానే, చాలాసేపు ఏడ్చింది. నేను ఎదురుగా కూర్చుని తల దించుకోకుండా చూశాను. అది చూడడం తప్ప నాకింకో శిక్ష లేదనిపించింది.

నీ తమ్ముడు